తోట రైలు పక్కన ఎండకూ వానకూ నిలిచే స్టేషన్లు కట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పెరట్లో బొమ్మ రైలుకు పట్టాలు వేసుకున్నవాళ్లందరికీ మొదటి ఏడాది తిరిగేసరికి దాదాపు ఒకే రకం సందేహాలు వస్తాయి. రైలు బాగానే ఉంటుంది. దాని పక్కన ముచ్చటపడి పెట్టిన స్టేషన్ మాత్రం ఉబ్బిపోయో, వంకరపోయో, రంగు వెలిసిపోయో కనిపిస్తుంది. అడిగినవాళ్లకల్లా విడివిడిగా చెప్పేకంటే అన్నీ ఒకచోట రాసిపెట్టడం మేలనిపించింది.

ఒక్క సంగతి మాత్రం ముందే చెప్పాలి. అందరూ వానకు భయపడతారు. మన ఊళ్లలో ఈ బొమ్మ భవనాలను ఎక్కువగా పాడుచేసేది ఎండ. నీళ్లు లోపలికి వచ్చినా బయటికి పోయే దారి ఉంటే చాలు, ఏమీ కాదు. ఎండ అలా కాదు, జిగురునీ రంగునీ ప్లాస్టిక్‌నీ రోజూ కొంచెం కొంచెంగా తినేస్తుంది. ఏ జవాబుకా జవాబు విడిగా చదువుకునేలా రాశాను, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## మొదలుపెట్టే ముందు

జీ స్కేల్ అంటారు, 45 మిల్లీమీటర్లు అంటారు. మన స్టేషన్ కట్టాలంటే ఏ లెక్క పట్టుకోవాలి?

జీ స్కేల్ అనేది తోట రైళ్ల సైజుకు వాడుకలో ఉన్న పేరు. 45 మి.మీ. అనేది రెండు పట్టాల మధ్య దూరం (గేజ్) మాత్రమే. దాని మీద రకరకాల స్కేళ్ల బళ్లు నడుస్తాయి, గందరగోళమంతా అందుకే. 1968లో జర్మనీలో ఎల్‌జీబీ అనే బ్రాండు బొమ్మ రైలు బళ్లు వచ్చినప్పుడు అక్కడి మీటర్ గేజ్ రైళ్లను 1:22.5కి, అంటే అసలు సైజులో 22.5వ వంతుకు, తగ్గించి చేశారు. మీటరును 22.5తో భాగిస్తే 44.4 మి.మీ. వస్తుంది. మన మీటర్ గేజ్ కూడా అదే మీటరు కాబట్టి ఈ లెక్క మనకు అచ్చంగా అతుకుతుంది. గుంటూరు–నంద్యాల–గుంతకల్లు దారి, సికింద్రాబాద్–మన్మాడ్ దారి ఒకప్పుడు మీటర్ గేజే.

బ్రాడ్ గేజ్ కావాలంటే దాని గేజ్ 1676 మి.మీ.ని 45తో భాగించాలి, 1:37 వస్తుంది. తయారుగా దొరికే బళ్లు దానికి సరిపడవు. ఒకప్పటి నౌపడ–గుణుపురం లైను లాంటి రెండున్నర అడుగుల నేరో గేజ్ మీద మనసుంటే 32 మి.మీ. పట్టాలు వేసుకుని 1:24లో కట్టండి.

1:22.5లో మనిషి ఎత్తు 75 మి.మీ., ఏడడుగుల తలుపు 95 మి.మీ. ఈ రెండు అంకెలూ పనిబల్ల ఎదురుగా రాసిపెట్టుకోండి. ఏ కొలత అనుమానంగా అనిపించినా వీటితో పోల్చి చూస్తే తేలిపోతుంది.

కొత్తగా మొదలుపెడుతున్నాను. నేరుగా స్టేషనే కట్టేయొచ్చా?

వద్దండి. ముందు ఒక రైల్వే గేటు గది గానీ గ్యాంగ్‌మెన్ సామాను పెట్టుకునే చిన్న గది గానీ కట్టండి. నాలుగు గోడలు, ఒక తలుపు, ఒక కిటికీ, కప్పు, అంతే. దాన్ని తోటలో పెట్టేసి ఒక ఎండాకాలం, ఒక వానాకాలం కదపకుండా వదిలేయండి. మీ జిగురు ఎలాంటిదో, మీ రంగు ఎలాంటిదో, మీ పెరట్లో నీళ్లు ఎటు పారతాయో ఆ చిన్న గదే చెబుతుంది. ఆరు నెలలు కష్టపడి కట్టిన స్టేషన్ మీద ఆ పాఠం నేర్చుకోవడం చాలా బాధగా ఉంటుంది.

మా ఊరి మీటర్ గేజ్ స్టేషన్ కూల్చేశారు. ఒక్క పాత ఫొటో ఉంది. కొలతలు ఎలా పట్టుకోవాలి?

నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇదే. 1992లో యూనిగేజ్ పథకం మొదలయ్యాక మీటర్ గేజ్ దారులు ఒక్కొక్కటిగా బ్రాడ్ గేజ్ అయ్యాయి, వాటితోపాటు ఎన్నో చిన్న స్టేషన్లు పోయాయి. చాలామందికి మిగిలింది ఇంట్లో ఉన్న ఫొటోలే.

నేను కట్టిన మొదటి స్టేషన్‌కి ఆధారం మా మేనమామ పెళ్లి ఫొటో. పెళ్లివారంతా ప్లాట్‌ఫారం మీద వరసగా నిలబడి ఉన్నారు, వాళ్ల తలల వెనక టికెట్ల గది గోడ. తలుపు పక్కన సున్నం రాలిన చోట ఇటుకలు కనిపిస్తున్నాయి. భూతద్దం పెట్టి గడప నుంచి తలుపు పైదాకా వరసలు లెక్కపెట్టాను, 26 వచ్చాయి. ఇటుక వరస, మధ్య సున్నంతో కలిపి, సుమారు మూడుంపావు అంగుళాలు. అంటే తలుపు ఏడడుగులు. అక్కడినుంచి గోడ ఎత్తు, కిటికీ వెడల్పు, అరుగు ఎత్తు అన్నీ తలుపుతో పోల్చుకుంటూ రాసుకున్నాను.

ఇటుక సైజు ఊరినిబట్టి మారుతుంది, అందుకని ఒక్క కొలతనే నమ్ముకోకండి. తలుపు, మనిషి ఎత్తు, పెంకుల వరసలు, ఈ మూడిటితోనూ లెక్కకట్టండి. మూడూ దగ్గరదగ్గరగా వస్తే కొలత కుదిరినట్టే. ఫొటో ఏటవాలుగా తీసినదైతే కెమెరాకి దూరంగా ఉన్న కొస చిన్నగా కనిపిస్తుంది, కాబట్టి పొడవును ఫొటో మీద కొలవకండి. కిటికీలనూ స్తంభాలనూ లెక్కపెట్టి పొడవు కట్టండి. ఊళ్లో పెద్దవాళ్లను కూడా కూర్చోబెట్టి అడగండి. నీళ్ల కుండ ఎక్కడ ఉండేది, గంట ఏ వైపు వేలాడేది లాంటివి ఏ ఫొటోలోనూ దొరకవు.

లెక్కవేస్తే 90 అడుగుల స్టేషన్ బొమ్మగా నాలుగడుగులు వస్తోంది. మా పెరట్లో అంత చోటు లేదు. చిన్నది చేస్తే తప్పా?

తప్పేమీ కాదు, చేసే పద్ధతి తెలిస్తే చాలు. మొత్తాన్ని ఒకే నిష్పత్తిలో కుదిస్తే తలుపులు పొట్టివైపోయి రైలు పక్కన పిచ్చుక గూడులా కనిపిస్తుంది. తలుపులు, కిటికీలు, కప్పు వాలు అసలు స్కేల్‌లోనే ఉంచండి. గదుల సంఖ్య తగ్గించండి. ఏడు కమానుల వరండా ఉంటే అయిదు పెట్టండి. బేసి సంఖ్యను బేసిగానే ఉంచితే మధ్య కమాను మధ్యలోనే ఉంటుంది, చూసేవాళ్లకు తేడా తెలియదు.

## ఏ సామానుతో కట్టాలి

సన్‌బోర్డుతో కడితే బయట నిలుస్తుందా?

ఫ్లెక్సీ షాపుల్లో సన్‌బోర్డు పేరుతో రెండు రకాలు అమ్ముతారు. ఒకటి రెండు కాగితాల మధ్య మెత్తని ఫోమ్ ఉన్నది, ఇది ఒక్క వానకే పోతుంది. రెండోది మొత్తం పీవీసీ ఫోమ్. దీన్ని నీళ్లలో వారం నానబెట్టినా ఏమీ కాదు, చెదలు తినవు, మామూలు కట్టర్‌తో తెగుతుంది. మీకు కావలసింది ఈ రెండోదే. ముక్కను విరిచి చూడండి, అంచున కాగితం పొర కనిపిస్తే తీసుకోకండి.

గోడలకు 5 లేదా 6 మి.మీ. తీసుకోండి. 3 మి.మీ. షీటును లోపలి అడ్డగోడలకు, తలుపు చట్రాలకు వాడొచ్చు. బోర్డులు చేసే షాపుల్లో కత్తిరించగా మిగిలిన ముక్కలు మూలన పడి ఉంటాయి, అడిగితే తక్కువకే ఇస్తారు. గేటు గదికి ఆ ముక్కలే ఎక్కువ.

దీని బలహీనత వేడి. 60 డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది. మే నెలలో ముదురు రంగు కప్పు 65, 70 డిగ్రీలకు ఎక్కడం మామూలే. అందుకని లేత రంగులు వేయండి, కప్పు కింద గాలి ఆడనివ్వండి, అయిదారు అంగుళాలకొక అడ్డగోడ పెట్టండి.

మిగిలిన ప్లైవుడ్, ఎండీఎఫ్ ముక్కలు ఇంట్లో చాలా ఉన్నాయి. బాగా పెయింట్ వేస్తే సరిపోదా?

ఎండీఎఫ్ బయట పెట్టకండి. ఎన్ని పూతలు వేసినా మేకు కొట్టిన చోట నీరు దిగి రొట్టెలా ఉబ్బుతుంది. మామూలు ఎంఆర్ గ్రేడు ప్లైవుడ్ పొరలు విడిపోతుంది. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ అయితే అంచులకు ఎపాక్సీ పట్టించి వాడొచ్చు, కానీ నేలను తాకితే దానికీ చెదల భయం ఉంటుంది. మీ దగ్గర పాత టేకు ముక్కలుంటే అవి బంగారం. పాత కిటికీ రెక్కల టేకును సన్నగా చీల్చి వరండా స్తంభాలు, దూలాలు చేసుకోండి.

సిమెంటుతో పోస్తే శాశ్వతంగా ఉంటుంది కదా, ఈ ప్లాస్టిక్ గొడవ ఎందుకు?

నిజమే, సిమెంటు చాలా బాగుంటుంది. రెండు ఇబ్బందులు మాత్రం ఉన్నాయి. ఒకటి బరువు, రెండడుగుల స్టేషన్‌ని లేపాలంటే ఇద్దరు కావాలి. రెండోది సన్నని పని, కిటికీ చట్రాలు సిమెంటులో రావు.

పోయదలచుకుంటే ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్లు జల్లించిన సన్న ఇసుక కలిపి, మధ్యలో చికెన్ మెష్ పెట్టి, 12 నుంచి 15 మి.మీ. మందంతో గోడలు విడివిడిగా పలకల మీద పోయండి. నీళ్లు ఎంత తక్కువ కలిపితే గోడ అంత గట్టిగా వస్తుంది. పోసిన మర్నాటి నుంచి కనీసం వారం రోజులు తడిగోనె కప్పి ఉంచండి. రంగు 28 రోజుల తర్వాతే వేయండి. తొందరపడితే లోపలి ఉప్పు తేలి రంగు పొరలుగా లేచిపోతుంది.

నా సలహా ఏమిటంటే అరుగు, ప్లాట్‌ఫారం, వంతెన స్తంభాలు సిమెంటుతో చేయండి. గోడలు, కప్పు పీవీసీతో చేయండి.

3డీ ప్రింటర్ ఉంది. మొత్తం ప్రింట్ చేసేయనా?

ఏ ప్లాస్టిక్‌తో అన్నదాన్ని బట్టి ఉంటుంది. అందరి దగ్గరా ఉండే పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, మన ఎండకు మధ్యాహ్నానికల్లా వంగిపోతుంది. పీఈటీజీ కొంచెం నయం. ఏఎస్ఏ అయితే 100 డిగ్రీల దాకా గట్టిగా ఉంటుంది, ఎండకు పెళుసెక్కదు. గోడల్లాంటి పెద్ద పలకలు ప్రింట్ చేయడం వృథా, వాటిని షీటులో కోసుకోండి. కిటికీ జాలీలు, దీపస్తంభాలు, బల్లలు, సిగ్నల్ చేతులు లాంటివి ప్రింట్ చేయండి.

ఏ జిగురు వాడాలి? ఎంత బాగా అతికించినా ఎండాకాలం అయ్యేసరికి ఊడిపోతోంది.

పీవీసీ ఫోమ్‌కి పీవీసీ అతికించాలంటే ప్లంబర్లు పైపులకు రాసే జిగురే అన్నిటికంటే మంచిది. అది రెండు ముక్కల్నీ కరిగించి ఒకటి చేస్తుంది. పీవీసీకి లోహం, రాయి, చెక్క అతికించాలంటే రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీ వాడండి. సూపర్ గ్లూ ముక్కను తాత్కాలికంగా నిలబెట్టడానికి పనికొస్తుంది, వేడికి పెళుసై విడిపోతుంది. తెల్ల చెక్క జిగురు వానకు పాలలా కారిపోతుంది.

జిగురు ఒక్కదాన్నే నమ్ముకోకండి. ప్రతి మూలలో లోపలివైపు అర అంగుళం చదరపు కర్ర గానీ పీవీసీ ముక్క గానీ నిలువుగా పెట్టి, 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్క్రూలు రెండు బిగించండి. ఇనుప స్క్రూ పెడితే రెండు వానాకాలాల్లో తుప్పు ధార గోడమీద కనిపిస్తుంది.

## గోడలు, కప్పు, కిటికీలు

రాతి గోడ నిజంగా రాతి గోడలా రావాలంటే ఎలా?

పీవీసీ మీద గీతలు గీసి రంగువేస్తే దూరం నుంచి సరే, దగ్గరికి వస్తే తేలిపోతుంది. నేను గోడమీద సన్నని సిమెంటు పూత వేసి, దాంట్లో రాళ్లు చెక్కుతాను.

ముందు పీవీసీ గోడను గరుకు కాగితంతో బాగా రుద్ది, అర అంగుళానికొకటి చొప్పున చిన్న రంధ్రాలు పెట్టండి, పూత పట్టుకోవడానికి. సిమెంటు ఒక పాలు, మెత్తని ఇసుక రెండు పాళ్లు, నీళ్లలో కొంచెం వాటర్‌ప్రూఫింగ్ లేటెక్స్ కలిపి 3 మి.మీ. మందాన రాయండి. ఇక కాసుకుని కూర్చోవాలి. బొటనవేలితో నొక్కితే గుంట పడకూడదు, గోటితో గీస్తే గీత పడాలి. మా ఊళ్లో చలికాలం ఆ సమయం మూడు గంటలకు వస్తుంది, వేసవిలో గంటన్నరకే వచ్చేస్తుంది. ఆ తర్వాత మహా అయితే ముప్పావుగంట చేతిలో ఉంటుంది.

ముందు సైకిల్ చువ్వతో అడ్డగీతలు గీయండి, స్కేలు పెట్టకుండా. తర్వాత నిలువు గీతలు. కింది వరసలో రెండు రాళ్లు కలిసిన చోట పైవరసలో రాయి మధ్యభాగం రావాలి. మూలరాళ్లు పెద్దవిగా, ఒక వరసలో అడ్డం, మరో వరసలో నిలువు. గీతల్లో చేరిన పొడిని కొబ్బరి ఈనెతో తీసేయండి. చివరికి పాత టూత్‌బ్రష్‌తో ప్రతి రాయినీ విడిగా తడితే ఇసుక గరుకు పైకి తేలుతుంది. ఇక్కడ ఓపిక పట్టండి. ఒక్కో రాయికి రెండు దెబ్బలే, అన్నిటికీ ఒకేలా తట్టకండి. అప్పుడే ఏ రాయికా రాయి వేరుగా కనిపిస్తుంది.

మర్నాటి నుంచి వారం రోజులు తడుపుతూ ఉండండి.

మంగళూరు పెంకుల కప్పు చేయాలి. ఒక్కో పెంకూ చేయాలంటే జీవితం సరిపోదు కదా?

అసలు మంగళూరు పెంకు సుమారు 16 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు. కప్పుమీద పరిచాక ఒకదాని మీద ఒకటి ఎక్కినంత పోగా బయటికి కనిపించేది 1:22.5లో సుమారు 14 మి.మీ. పొడవు, 9 మి.మీ. వెడల్పు. రెండడుగుల స్టేషన్‌కి వెయ్యికి పైనే పడతాయి. అందుకే పెంకులుగా కాకుండా వరసలుగా చేయండి.

2 మి.మీ. పీవీసీ షీటును 18 మి.మీ. వెడల్పు పట్టీలుగా కోయండి. ప్రతి 9 మి.మీ.కి ఒక గాడి గీసి, కింది అంచున ప్రతి పెంకు మూలనూ కొంచెం గుండ్రంగా చెక్కండి. చూరు నుంచి మొదలుపెట్టి పైకి ఒక్కో పట్టీ 14 మి.మీ. ఎడంతో అతికించుకుంటూ పోండి. నీళ్లు కూడా అసలు కప్పులాగే జారిపోతాయి. నడికప్పు పెంకులకు ఎం-సీల్‌ను 8 మి.మీ. కడ్డీ మీద పరిచి, గట్టిపడ్డాక ముక్కలుగా కోయండి. రంగు వేసేటప్పుడు అక్కడక్కడా ఓ పెంకును కొంచెం ముదురుగా, ఓ పెంకును కొత్తదానిలా ఎర్రగా వదలండి. పాత పెంకుటిల్లు చూసినవాళ్లకు ఆ తేడా ఎందుకో చెప్పక్కర్లేదు.

గూడ్స్ షెడ్డుకి ముడతల రేకు ఎక్కడ దొరుకుతుంది?

ఆఫ్‌సెట్ ప్రింటింగ్ ప్రెస్‌లో వాడేసిన అల్యూమినియం ప్లేట్లు అడగండి, తూకానికి ఇస్తారు. కత్తెరతో తెగేంత పల్చగా ఉంటాయి. అసలు రేకు ముడత మూడు అంగుళాలకొకటి, మన స్కేల్‌లో 3.4 మి.మీ. ఒక చెక్కమీద సైకిల్ చువ్వలను అంతే ఎడంతో వరసగా బిగించి, ప్లేటును పైన పెట్టి, ఖాళీ బాల్‌పెన్ మొనతో చువ్వల మధ్య నొక్కుతూ గీస్తే ముడతలు వస్తాయి. ప్లేటు అంచులు కోసుకుంటాయి, చేతికి గ్లవుజులు వేసుకోండి. రంగు వేసేముందు ఎచ్ ప్రైమర్ తప్పనిసరి, లేకపోతే అల్యూమినియం మీద రంగు నిలవదు.

కిటికీ అద్దాలకు ఓహెచ్‌పీ షీటు పెట్టాను, పసుపెక్కి ముడుచుకుపోయింది. ఏం వాడాలి?

2 మి.మీ. అక్రిలిక్ వాడండి. ఎండకు ఏళ్లతరబడి తెల్లగానే ఉంటుంది. అద్దాన్ని చుట్టూ గట్టిగా అతికించకుండా లోపలినుంచి చట్రంలో కూర్చోబెట్టి, రెండు మూలల్లో మాత్రం న్యూట్రల్ సిలికాన్ చుక్క పెట్టండి. వెనిగర్ వాసన వచ్చే రకం సిలికాన్ లోహపు ముక్కలను తినేస్తుంది, అది వద్దు. లోపల ఖాళీగా కనిపించకూడదంటే అద్దం వెనకవైపు సన్న గరుకు కాగితంతో రుద్దండి.

మూడడుగుల గోడ మధ్యలో ఉబ్బి విల్లులా వంగింది. నీళ్లు తగల్లేదు. కారణమేంటి?

వేడికి సాగింది. పీవీసీ మీటరు పొడవుకు 40 డిగ్రీల తేడాలో రెండున్నర మి.మీ. దాకా పెరుగుతుంది. చలికాలం తెల్లవారుజాముకీ మే మధ్యాహ్నానికీ గోడ ఉపరితలం మీద అంత తేడా తేలిగ్గా ఉంటుంది. రెండు కొసలూ కదలకుండా బిగిస్తే పెరిగిన పొడవు పోవడానికి దారిలేక గోడ ఉబ్బుతుంది.

పొడుగు గోడను ఒకే ముక్కగా పెట్టకుండా రెండు మూడు ముక్కలు చేసి, అతుకుల మీద స్తంభం గానీ వాననీటి గొట్టం గానీ వచ్చేలా చూడండి. స్క్రూ రంధ్రాలను అడ్డంగా కొంచెం సాగదీసి కోలగా చేయండి. సిమెంటు అరుగుకి పీవీసీ గోడను జిగురుతో అతికించకండి, రెండూ వేరువేరుగా సాగుతాయి.

## రంగులు, అక్షరాలు

బయట ఎన్నేళ్లయినా వెలవని రంగు ఏది?

అలాంటిది లేదండి, ఆలస్యంగా వెలిసేది ఉంది. ఇంటి బయటి గోడలకు వేసే అక్రిలిక్ ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ ఈ పనికి చాలా మంచిది. లీటరు డబ్బా ఒకటి తెచ్చుకుంటే చాలాకాలం వస్తుంది. ముందు ప్రైమర్ ఒక పూత, రంగు రెండు పల్చటి పూతలు, పైన ఎండను ఆపే మ్యాట్ క్లియర్ ఒక పూత. కళాకారులు వాడే పోస్టర్ రంగులు, బట్టల మీద వేసే ఫ్యాబ్రిక్ రంగులు బయటికి పనికిరావు.

ఎరుపు, గులాబీ తొందరగా వెలుస్తాయి. కావిరంగు, ఇటుకరంగు, పసుపుమట్టి రంగులు మట్టి నుంచి వచ్చినవి, అవి నిలుస్తాయి. అదృష్టంకొద్దీ మన పాత స్టేషన్ల రంగులు దాదాపు అవే. తెల్లటి తెలుపు వాడకండి, మన ఎండలో కళ్లకు కొడుతుంది. దాంట్లో చెంచాడు పసుపుమట్టి కలపండి.

స్టేషన్ పేరు బోర్డు అక్షరాలు అందంగా రావడం లేదు. చేత్తోనే రాయాలా?

రేడియం స్టిక్కర్ షాపుకి వెళ్లండి. బళ్ల మీద పేర్లు కోసే యంత్రంతోనే 8, 10 మి.మీ. అక్షరాలు కూడా కోసిస్తారు. పసుపు బోర్డు మీద నల్ల అక్షరాలు, తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడూ ఉండాలి. కింద సముద్ర మట్టం నుంచి ఎత్తు మీటర్లలో రాయడం మరవకండి, ఆ ఒక్క వరస ఉంటేనే అది మన రైల్వే బోర్డు. తెలుగులో ఒత్తులు, వట్రుసుడులు ఉన్న పేర్లయితే సన్న గీతల ఫాంటు వద్దు, కోసేటప్పుడు చిరుగుతుంది. అల్యూమినియం ప్లేటుమీద అతికించి పైన క్లియర్ పూత వేయండి.

## తోటలో నిలబెట్టడం

నేరుగా మట్టిమీద పెట్టొచ్చా? పునాది వేయాలా?

వేయాలి. వాన చినుకు మట్టిమీద పడి ఎగిరే బురదే గోడ కింది అడుగుభాగాన్నంతా పాడుచేస్తుంది. బండలు కోసే చోట కడప బండ, బేతంచెర్ల బండ, తాండూరు బండ ముక్కలు దొరుకుతాయి. ఏదైనా సరే, భవనం కంటే చుట్టూ నాలుగు అంగుళాలు పెద్దది తీసుకోండి. కింద మూడు అంగుళాలు కంకర, ఇసుక వేసి, నేలకు రెండు అంగుళాలు ఎత్తులో, ట్రాక్‌కి అవతలివైపు కొంచెం వాలుగా పరచండి.

తర్వాత బండమీద భవనం లోపలి కొలతకంటే 3 మి.మీ. తక్కువగా ఒక సిమెంటు దిమ్మ పోయండి, అంగుళం ఎత్తు చాలు. భవనం పెట్టెమూతలా దానిమీద దిగి కూర్చుంటుంది. గోడల మీద కారిన నీళ్లు దిమ్మ బయటే బండమీద పడి పోతాయి, లోపలికి రావు. గాలికి జరగదు, కావాలంటే రెండు చేతులతో ఎత్తి తీసేయొచ్చు.

ఎంత జాగ్రత్తగా సీల్ చేసినా లోపల నీళ్లు, ఆవిరి చేరుతున్నాయి. ఇంకేం చేయాలి?

సీల్ చేయడం ఆపండి. గాలి చొరబడని పెట్టెలో తేమ ఎలాగైనా చేరుతుంది, చేరాక పోదు. గోడల అడుగున నాలుగు మూలల్లో 6 మి.మీ. రంధ్రాలు పెట్టండి, చూరు కింద కనిపించని చోట రెండు వైపులా సన్న దోమతెర వేసిన కంతలు వదలండి. కింద చల్లగాలి వచ్చి పైన వేడిగాలి పోతుంది. చూరు కనీసం 25 మి.మీ. బయటికి రానిస్తే చినుకులు కిటికీల మీద పడవు. దీంతో వేసవిలో లోపలి వేడి కూడా తగ్గుతుంది, షీటు వంగదు.

ప్లాట్‌ఫారం పట్టాలకు ఎంత దూరం ఉండాలి?

తిన్నటి దారిలో మీ దగ్గరున్న వెడల్పైన పెట్టె పక్కన 5 మి.మీ. సందు చాలు. వంపులో జాగ్రత్త. అడుగున ముందూ వెనకా ఉండే చక్రాల ట్రక్కుల మధ్య 300 మి.మీ. ఉన్న 500 మి.మీ. పెట్టె 600 మి.మీ. వ్యాసార్ధపు వంపులో తిరిగితే దాని మధ్యభాగం లోపలికి 19 మి.మీ., కొసలు బయటికి 33 మి.మీ. జరుగుతాయి. అందుకని ఏదీ బిగించకముందే పొడుగు పెట్టెకు రెండు పక్కలా పెన్సిల్ కట్టి, అట్టముక్కల మీద గీత పడేలా చేత్తో నెమ్మదిగా తోసి చూడండి. స్టేషన్ తిన్నటి దారిలోనే పెట్టుకోగలిగితే ఇంకా మంచిది.

లోపల లైటు పెట్టాలని ఉంది. వానలో కరెంటు ప్రమాదం కాదా?

230 వోల్టుల కరెంటు తోటలోకి అసలు తీసుకెళ్లకండి. 12 వోల్టుల అడాప్టర్‌ని ఇంట్లోనే ఉంచి, దాని వైరు మాత్రం పీవీసీ గొట్టంలో తీసుకెళ్లండి. ఒక్కో గదికి ఒక్క పసుపుపచ్చ ఎల్ఈడీ చాలు, దానికి 470 ఓమ్స్ రెసిస్టర్ వరసలో పెట్టండి. హైదరాబాద్ వాళ్లకు కోఠి గుజరాతీ గల్లీలో ఇవన్నీ దొరుకుతాయి. అతుకులను టంకం వేసి, హీట్ ష్రింక్ గొట్టం తొడిగి, చివర్లలో సిలికాన్ నింపండి. స్ట్రిప్ లైటు కావాలంటే ఐపీ 67 (నీళ్లు దూరని రకం) అని ఉన్నదే కొనండి. కాంతి బాగా తక్కువగా ఉంచండి. చిన్న స్టేషన్‌లో ఒక్క దీపం వెలిగే ఆ మసక వెలుతురే దానికి ప్రాణం.

## ఏడాది పొడవునా చూసుకోవడం

చీమలు, బల్లులు కాపురం పెట్టేశాయి. కోతులు కప్పు పీకేశాయి. ఏం చేయాలి?

చీమలు వెలుతురు లేని, కదలని చోటే పుట్ట పెడతాయి. నెలకోసారి భవనం ఎత్తి దిమ్మ తుడిస్తే చాలావరకు రావు. గాలి కంతలకు దోమతెర ఉంటే బల్లులు, కందిరీగలు దూరవు. ఉడతలు వైర్లు కొరుకుతాయి, బయట కనిపించే వైరు ఏదీ ఉండకూడదు.

కోతులున్న ఊళ్లో భవనాలను బయట వదలడం కుదరదు. పునాది, ప్లాట్‌ఫారం మాత్రం శాశ్వతంగా ఉంచి, భవనాలను రైలు నడిపే రోజు తెచ్చి పెట్టుకునేలా చేసుకోండి. అదీ బాధే, కానీ పగిలిన ముక్కలు ఏరుకోవడం కంటే నయం.

మామిడిచెట్టు కింద పెట్టాను, కప్పు నల్లగా జిడ్డు పట్టింది. పాచి కూడా పడుతోంది.

మామిడి మీద ఉండే పురుగులు తీపి జిడ్డు కారుస్తాయి, దానిమీద నల్లటి బూజు పెరుగుతుంది. సబ్బునీళ్లు, మెత్తని బ్రష్ చాలు. పాచికి బకెట్ నీళ్లలో చెంచాడు బ్లీచింగ్ పౌడర్ కలిపి తేర్చి, పైనీళ్లు రాసి పది నిమిషాలాగి కడిగేయండి. లోహపు భాగాలకు తగలనివ్వకండి. నీడ మంచిదే, కానీ కొమ్మ నేరుగా పైన లేకుండా మధ్యాహ్నం నీడ పడే తూర్పు గోడ పక్కన పెట్టుకుంటే రెండు విధాలా లాభం.

తుఫాను హెచ్చరిక వస్తే?

తీసి ఇంట్లో పెట్టండి. కోస్తాలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ అవసరం పడుతూనే ఉంటుంది. పీవీసీ భవనం తేలిక, గాలికి ఎగిరి ఎవరికైనా తగలవచ్చు కూడా.

మేము అమెరికాలో ఉంటాం, ఇక్కడ మంచు పడుతుంది. ఇదే పద్ధతి పనికొస్తుందా?

న్యూజెర్సీ, షికాగో లాంటి చోట్ల ఎండకంటే గడ్డకట్టే నీరు పెద్ద సమస్య. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది, సిమెంటు పూతలోని సన్న పగుళ్లను ప్రతి రాత్రీ కొంచెం కొంచెం పెద్దవి చేస్తుంది. పునాది కింద కంకర లోతుగా వేసి నీరు నిలవకుండా చూడండి, సిమెంటు పూత వేసిన భవనాలను నవంబరులోనే లోపలికి తెచ్చేయండి. పీవీసీ చలికి పెళుసవుతుంది, గడ్డకట్టి ఉన్నప్పుడు దాన్ని బలంగా లాగకండి. డాలస్ వైపు ఉన్నవాళ్లు మన ఎండల లెక్కే పాటించొచ్చు, వడగళ్ల కోసం కప్పు షీటు మాత్రం 6 మి.మీ.కి తగ్గకుండా వేయండి.

ఒకసారి కట్టాక ఎన్నాళ్లుంటుంది?

నా గేటు గది పన్నెండేళ్ల నుంచి బయటే ఉంది. రెండుసార్లు రంగు వేశాను, ఒక తలుపు మార్చాను. పెళ్లి ఫొటో చూసి కట్టిన స్టేషన్‌కి ఈ ఏడాది కప్పు మొత్తం విప్పి మళ్లీ వేయాలి, పడమటి వైపు పట్టీలు ఎండకు పెళుసెక్కాయి. దసరా తర్వాత, వానలు తగ్గాక, ఎండ ముదరకముందు ఏడాదికోసారి ప్రతి భవనాన్నీ బల్లమీదికి తెచ్చి స్క్రూలు, అతుకులు, రంగు చూసుకోవడానికి ఒక ఆదివారం పెట్టుకోండి.